పాత బ్యాంకులో నాలుగు పోర్షన్లు

చెప్పులు విప్పకండి. నేల నిండా గాజుపెంకులున్నాయి. కొలాప్సిబుల్ గేటు తుప్పు పట్టి సగమే తెరుచుకుంది, పక్కకి తిరిగి దూరాలి. తణుకు నరేంద్ర సెంటరు రొద రెండు సందుల అవతలే ఉండిపోయింది. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది. లోపల కరెంటు లేదు, ఫ్యాను లేదు, అయినా చొక్కా వీపుకి అంటుకోవడం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

కళ్లు చీకటికి అలవాటు పడేలోగా కాలికి నేల తెలుస్తుంది. మొజాయిక్. ఆకుపచ్చ, తెలుపు రాతి పలుకులు కలిపి పోసి, చేత్తో అరగదీసిన పాతకాలపు నేల. మధ్యలో పొడుగ్గా ఒక గీత ఉంది. గీతకి అటు ఇంకా మెరుపుంది, ఇటు అరిగిపోయింది. అక్కడ కౌంటరుండేది. చెరకు డబ్బు పడిందా అని అడగడానికొచ్చిన రైతులు, పింఛను కోసం వచ్చిన పెద్దవాళ్లు, కాలేజీ ఫీజుకి డీడీ తీయించుకునే పిల్లలు కౌంటరుకి ఇవతల ఏళ్ల తరబడి నిలబడితే అరిగిన నేల ఇది.

వెనక గదికి తలుపు లేదు. తలుపు బ్యాంకువాళ్లు ఊడదీసుకుపోయారు, గోడలు తీసుకుపోవడం ఎవరివల్లా కాదు కాబట్టి ఉన్నాయి. స్ట్రాంగ్‌రూము ఇది. అరచెయ్యి ఆనించి చూడండి, మట్టికుండలా చల్లగా ఉంటుంది. అడుగు మందం గోడ, నిలువెల్లా కాంక్రీటు, లోపల ఇనుప ఊచల అల్లిక. భవనం యజమాని మాస్టారు దీన్ని ఇళ్లుగా మార్చాలని మేస్త్రిని తీసుకొచ్చారు. మేస్త్రి సమ్మెట కొనతో టక్కున కొట్టి చెవి పెట్టి విన్నాడు. "దీన్ని పగలగొట్టాలంటే వారం రోజులు బ్రేకరు ఆడాలండి మాస్టారూ. పగలగొట్టి సాధించేదీ లేదు" అన్నాడు. మాస్టారి ఇంటావిడ అప్పటికే తీర్మానించేశారు: "దాని జోలికెళ్లకండి. ఆవకాయ జాడీలకి ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో ఎక్కడా దొరకదు."

ఇలాంటి భవనం డెల్టా ఊళ్లలో ప్రతిచోటా ఒకటైనా కనిపిస్తుంది. కింద బ్యాంకు, పైన ఇన్సూరెన్సు ఆఫీసో, సహకార సంఘం ఆఫీసో, ఏదో ప్రభుత్వ శాఖో. ముందు వరండా, పైన పిట్టగోడ మీద కట్టిన సంవత్సరం. వీటికో చరిత్ర ఉంది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టారు. చెరకు డబ్బు చేతిలో ఆడింది. 1956లో జీవిత బీమా జాతీయమైంది, 1959 నవంబరు 1న పంచాయతీ రాజ్ వచ్చి సమితి ఆఫీసులు వెలిశాయి, 1969 జులైలో 14 బ్యాంకులు జాతీయమై ఊరూరా శాఖలు తెరిచాయి. ఆఫీసులైతే వచ్చాయి, వాటికి తగ్గ భవనాలు మాత్రం ఊళ్లో లేవు. దాంతో కాస్త కలిగిన కుటుంబాలు ఆఫీసు అద్దె కోసమే రెండంతస్తులు లేపాయి. అద్దె నెలనెలా తప్పకుండా వస్తుంది, ఆడపిల్ల పెళ్లికి ధీమా. మాస్టారి నాన్నగారు ఈ భవనం కట్టింది అందుకే.

ఖాళీ అవడం కూడా ఒక్కరోజులో జరగలేదు. ముందు పైఅంతస్తు ఆఫీసు సొంత భవనానికి వెళ్లిపోయింది. తరవాత జనం చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, బ్యాంకులో వరస తగ్గింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన బ్యాంకు పేరు బోర్డుల మీద నుంచి దిగిపోయింది. అంతకుముందు ఒకే ఊళ్లో పక్కపక్కన నడిచిన శాఖలు కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిశాయి, కలిసిన ప్రతిచోటా ఒక భవనం ఖాళీ అయింది. అదే ఏడాది జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఒక్కసారే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఒకప్పుడు గదుల నిండా యంత్రాలు పట్టిన టెలిఫోన్ ఎక్స్చేంజీ పని ఇప్పుడు బీరువాలంత పెట్టెలు చేస్తున్నాయి. సందు చివరిదాకా నడిచి ఏ ఊళ్లోనైనా ఎక్స్చేంజీ భవనం వంక తలెత్తి చూడండి, ఎన్ని కిటికీలు మూసి ఉంటాయో.

పైకి రండి. మెట్లకి వాడింది బేతంచర్ల రాయి, అంచులు గుండ్రంగా అరిగాయి. పైహాలు మధ్యలో ఇంజనీరు అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఉంది. స్తంభం మొదట్లో ప్లాస్టరింగు ఊడిపోయిన చోట మేస్త్రి చేత ఉలితో చిన్న గాటు పెట్టించింది. సరిగ్గా అంగుళమున్నర లోతు. లోపల ఊచ నల్లగా తొంగిచూస్తోంది. అమ్మాయి సంచిలోంచి చిన్న స్ప్రే సీసా తీసింది. నీళ్లలాగే ఉంది, అది ఫినాప్తలీన్. గాటుని బ్రష్షుతో దులిపి, రెండుసార్లు కొట్టింది.

దగ్గరికొచ్చి చూడండి. బయటి అంచు దగ్గర అర అంగుళం మేర కాంక్రీటు బూడిదరంగులోనే ఉండిపోయింది. ఆ తరవాత ఒక్కసారిగా గులాబీ రంగు, తాంబూలం వేసుకున్న నోరంత ఎరుపుగా ఊచ చుట్టూ పాకింది. "బతికే ఉంది బాబాయ్" అంది అమ్మాయి మేస్త్రితో. కొత్త కాంక్రీటులో క్షారం ఉంటుంది, ఆ క్షారమే ఊచకి తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల మీద లోపలికి దిగి ఆ క్షారాన్ని చంపుకుంటూ పోతుంది. చచ్చినంత మేరా రంగు రాదు. ఇక్కడ చావు అర అంగుళం దగ్గరే ఆగింది, ఊచ దాకా రాలేదు. ఇలా పదహారు చోట్ల చూసింది. రెండు చోట్ల మాత్రం, వెనక బాత్రూము పక్కన, రంగు రాలేదు, ఊచ పొరలు పొరలుగా రాలింది. ఏళ్లుగా కారుతున్న కుళాయి పైపే కారణం. ఆ రెండు చోట్లా కుళ్లిన కాంక్రీటు చెక్కేసి, ఊచ శుభ్రం చేసి, పక్కన కొత్త ఊచ కట్టి, మళ్లీ పోయాలి. మిగతాదానికి ఢోకా లేదు.

ప్రతి పాత భవనమూ ఇలా నిలబడదు. నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో, ఉప్పు కలిసిన ఇసుకతో పోసిన స్లాబులు ముప్పై ఏళ్లకే పెచ్చులూడతాయి. అలాంటివి కొట్టేయాల్సిందే, అందులో మనుషుల్ని పెట్టకూడదు. పరీక్ష చేసి కొట్టేస్తే బాధ లేదు. పరీక్ష అన్నదే లేకుండా, "పాతదైపోయింది" అన్న ఒక్క మాటతో కొట్టేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బరువు మోసి నిలబడే శక్తి ఇళ్లకన్నా ఆఫీసులకే ఎక్కువని చాలామందికి తెలియదు. మన దేశపు ప్రమాణాల్లో ఇంటి గది నేల చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు మోయాలని లెక్క. ఆఫీసు నేలకి 250 నుంచి 400 దాకా. ఫైళ్ల బీరువాలు మోసిన స్లాబుకి మంచాలూ ఫ్రిజ్జులూ బరువే కాదు. పునాది సంగతి మరీ ముఖ్యం. ఇది నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. కొత్త కట్టడమైతే దీని మీద ఎక్కడ ఎంత దిగుతుందోనని పైల్స్ వేసుకోవాలి. ఈ భవనం దాదాపు అరవై వానాకాలాలు చూసింది. దిగాల్సినంత ఏనాడో దిగి కుదురుకుంది. మేస్త్రి మూలమూలలా రసమట్టం పెట్టి చూస్తున్నాడు, బుడగ గీతల మధ్యే నిలబడుతోంది.

ఇప్పుడు కిటికీలు తెరుద్దాం. చెక్క రెక్కలు బిగుసుకున్నాయి, భుజం ఆనించి తొయ్యాలి. ఒకటి, రెండు, మూడు. తూర్పున మూడు, పడమర మూడు. గోస్తనీ కాలువ వైపు నుంచి గాలి ఈ చివర దూరి ఆ చివర పోయింది, నేల మీద పాత రసీదు ముక్కలు లేచాయి. వెలుతురు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. హాలు మధ్యలో కూర్చున్న అమ్మాయి చేతిలో కాగితం మీది అంకెలు మనకి ఇక్కణ్నుంచి కనిపిస్తున్నాయి.

ఆఫీసుని ఇల్లు చేసే విద్యలో అసలు కీలకం ఇదే. గోడలు కట్టొచ్చు, పైపులు వేయొచ్చు, వెలుతురు మాత్రం కొని తేలేం. ఈ భవనం అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు. కిటికీ నెత్తి నేలకి ఎనిమిది అడుగుల ఎత్తున ఉంది. పగటి వెలుతురు ఆ ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల లోతు దాకా పనికొచ్చేలా వస్తుంది, అంటే పదహారు నుంచి ఇరవై అడుగులు. రెండు వైపులా కిటికీలున్నాయి కాబట్టి నలభై అడుగులకీ సరిపోయింది. మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో గది నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీలుండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. పన్నెండు పద్నాలుగుల గదికి 28 చదరపు అడుగులు. నాలుగడుగుల కిటికీలు రెండుంటే 32. ఏసీలు లేని రోజుల్లో గుమస్తాలకి గాలాడాలని కట్టిన భవనం, ఎవరూ తలపెట్టకుండానే ఇంటికి కావలసిన కొలతలతో కట్టి ఉంది.

న్యూయార్క్‌లో ఇదే పని ఎంత కష్టపడి చేశారో చెబుతాను. మన్‌హటన్ దక్షిణపు కొసన, 25 వాటర్ స్ట్రీట్ అనే భవనం ఉంది. 1960ల చివర్లో కట్టిన 22 అంతస్తుల ఆఫీసు. ఒక్కో అంతస్తూ సుమారు యాభై వేల చదరపు అడుగులు, కిటికీలేమో కోట గోడకి తుపాకీ కన్నాల్లా సన్నటి చీలికలు. నడిమధ్యలో నిలబడితే పగలో రాత్రో తెలియదు. దాన్ని ఇళ్లుగా మార్చడానికి పైనుంచి కిందిదాకా స్లాబులన్నీ కోసి రెండు పెద్ద వెలుతురు బావులు తవ్వారు. కోసి పారేసిన వైశాల్యానికి బదులు పైన పది అంతస్తులు కట్టుకున్నారు. ముఖభాగం మార్చి పెద్ద కిటికీలు పెట్టారు. 1,320 ఇళ్లయ్యాయి, 2025లో జనం చేరారు. ఇంగ్లండులో అంత ఓపిక పట్టలేదు. 2013లో అనుమతుల గొడవ లేకుండా ఆఫీసుల్ని ఇళ్లుగా మార్చుకోవచ్చన్నారు. పెట్టెల్లాంటి గదులు పుట్టుకొచ్చాయి, కొన్నిటికి కిటికీయే లేదు. 2020లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చూస్తే అలా మార్చిన ఇళ్లలో దేశపు కనీస వైశాల్య ప్రమాణాన్ని అందుకున్నవి నూటికి 22 మాత్రమే. ఆ ఆగస్టు నుంచి ప్రతి నివాసపు గదికీ సహజమైన వెలుతురు ఉండి తీరాలని నిబంధన పెట్టుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు ఈ పని మొదలుపెట్టేముందే ఆ నిబంధన పెట్టుకుంటే మంచిది. ఆశపడి ఒక్కో అంతస్తులో ఎనిమిది గదులు కోసి హాస్టలు పెట్టేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

మాస్టారు ఆశపడటం లేదు. అంతస్తుకి రెండు, మొత్తం నాలుగు పోర్షన్లు. మెట్లు మధ్యలోనే ఉన్నాయి కాబట్టి ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి. కింద రెండూ పెద్దవాళ్లకివ్వాలని ఆయన కోరిక. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, పల్లెల్లో పెద్ద లోగిళ్లలో ఒంటరిగా మిగిలిన ముసలి దంపతులు తణుకు చుట్టుపక్కల ఎంతమంది లేరు? వాళ్లకి ఆసుపత్రీ, మందుల షాపూ, కూరగాయల బజారూ నడిచి వెళ్లేంత దగ్గర్లో కావాలి. బ్యాంకు ఎప్పుడూ ఊరి నడిమధ్యలోనే ఉంటుంది. పాత ఆఫీసుల్లో మనకి దక్కే అసలు ఆస్తి ఈ చోటే.

ఇక చిక్కుల్లోకి వద్దాం. వెనక్కి రండి, ముక్కు మూసుకోండి. అరవైమంది పనిచేసిన చోట రెండే మరుగుదొడ్లు, అవీ ఒకే మూలన. నాలుగు పోర్షన్లకి నాలుగు వంటిళ్లు, కనీసం ఆరు బాత్రూములు కావాలి. కొత్త ఇంట్లో అయితే బాత్రూము దగ్గర స్లాబుని ముందే కిందికి దించి పోస్తారు, పైపులు ఆ గుంటలో పోతాయి. ఇక్కడ స్లాబు సమంగా ఉంది. నేల ఎత్తు చేస్తే బాత్రూములోకి మెట్టెక్కి వెళ్లాలి, ముసలివాళ్ల తుంటి ఎముకలు విరిగేది అక్కడే. మేస్త్రి తలెత్తి పైకప్పు చూశాడు. పన్నెండడుగుల ఎత్తు. "పైపులు కింది పోర్షను కప్పుకి వేలాడదీసి మూసేద్దామండి. అడుగున్నర పోయినా పదిన్నర మిగులుతాది" అన్నాడు. కన్నాలు మాత్రం స్లాబులోనే, నాలుగంగుళాలకి మించకుండా, యంత్రంతో గుండ్రంగా కోయాలి. "బీముకి జానెడు దూరంలో కూడా వద్దు బాబాయ్" అని అమ్మాయి సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసి హద్దులు పెట్టింది. వంటిళ్లూ బాత్రూములూ అన్నీ వెనక గోడ వెంటే ఒకదాని నెత్తిన ఒకటి. పైపులు గోడ బయట బాహాటంగా దిగుతాయి. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ లీకైతే వెంటనే తెలుస్తుంది. పాత బాత్రూము పక్కన తుప్పుపట్టి రాలిన ఆ ఊచల్ని చూశాక నేను అందం సంగతి అడగను.

పైఅంతస్తుకి ఎండ పెద్ద సమస్య. కింద మనకి చల్లగా ఉండటానికి కారణం నెత్తిన ఇంకో అంతస్తు ఉండటం, పద్దెనిమిది అంగుళాల ఇటుక గోడ. పైన సాయంత్రం ఐదైనా స్లాబు సెగ కక్కుతుంది. డాబా మీద తెల్లటి చలువ పెంకులు పరిచి, పడమటి కిటికీలకి సన్‌షేడ్లు పొడిగించాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి పైకప్పులకి ఒక విధానమే తెచ్చింది. డెల్టాకీ అలాంటిది కావాలి. దోమల మెష్ గురించి వేరే చెప్పక్కర్లేదు, తణుకులో ఉంటూ దాన్ని మర్చిపోయేవారుండరు. బ్యాంకు భద్రత కోసం ఒకే దారి పెట్టి అన్నీ ఊచలతో మూశారు, మనుషులు నిద్రపోయే చోటికి అది పనికిరాదు. వెనక గోడకి రెండో తలుపు తెరవాలి.

మేస్త్రి జేబులోంచి బొగ్గు ముక్క తీసి గోడ మీద లెక్క మొదలుపెట్టాడు. రెండంతస్తులూ కలిపి 4,800 చదరపు అడుగులు. తాపీ పనివాళ్ల చేతిలెక్క ఒకటుంది: అడుక్కి సిమెంటు బస్తాలో పది పాళ్లకి నాలుగు, ఇనుము నాలుగు కిలోలు, ఇసుక దాదాపు రెండు ఘనపుటడుగులు. ఇదంతా కొట్టేసి ఇంతే కొత్తగా కడితే సిమెంటు 1,900 బస్తాలపైన, ఇనుము 19 టన్నులు, ఇసుక ఎనిమిది, తొమ్మిది వేల ఘనపుటడుగులు. మిగతా లెక్క అమ్మాయి వేసింది. బస్తాకి యాభై కిలోల చొప్పున సిమెంటు 96 టన్నులు, టన్నుకి సుమారు ఆరు వందల కిలోల బొగ్గుపులుసు వాయువు. మన దేశంలో టన్ను ఉక్కుకి రెండున్నర టన్నులు. ఈ రెండూ కలిపితేనే వంద టన్నులు దాటింది. ఇటుక బట్టీ, టిప్పర్లు, పలకలు, రంగులు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ వంద టన్నులూ మాస్టారి నాన్నగారి కాలంలోనే ఒకసారి గాలిలోకి వెళ్లిపోయాయి. ఉన్నదాన్ని ఉంచుకుంటే మళ్లీ వెళ్లక్కర్లేదు.

ఇసుక మాట వచ్చేసరికి మేస్త్రి బొగ్గు ముక్క ఆపి ఇటు తిరిగాడు. 2019లో ఇసుక దొరక్క పని లేక నెలల తరబడి కూర్చున్న మనిషి. 2024 జులైలో ఉచిత ఇసుక వచ్చింది, ఇప్పుడు ర్యాంపుల దగ్గర లారీల వరస. విధానం ఏదైనా ఇసుక వచ్చేది మాత్రం సిద్ధాంతం, కొవ్వూరు ఊళ్ల దగ్గర ఆ గోదావరి గర్భంలోంచే.

ఇప్పుడు బండెక్కండి, తాడేపల్లిగూడెం వైపు వెళ్దాం. తేతలి, దువ్వ దాటాక రోడ్డుకి అటూ ఇటూ దాళ్వా కోతలైపోయిన చేలు, కొయ్యకాళ్లు బంగారు రంగులో ఉన్నాయి. వాటి మధ్యలో రంగు రంగుల జెండాలు, సిమెంటు కమాను, లోపల ఎర్రమట్టి గుట్టలు. వెంచరు. మెట్ట ప్రాంతం నుంచి టిప్పర్లు మట్టి తెచ్చి మెరక తోలుతున్నాయి. అంచున దిగి చూడండి. మెరకకీ పక్క చేనుకీ మధ్య మీ నడుమంత ఎత్తు తేడా ఉంది. పంట బోదె మట్టి కింద సగం పూడుకుపోయింది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే నేల. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి కాలువ నీళ్లు తాగి పండుతున్న డెల్టాలో ఒక చెక్క. వాన పడితే ఈ చేలే నీళ్లు పట్టుకుని నిదానంగా వదులుతాయి. ఎర్రకాలువ పొంగినప్పుడు నందమూరు చుట్టుపక్కల ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకి ఒకరు చెప్పాలా? ఆ నీళ్లు నిలిచే చోటుని ప్లాట్లు వేసి పూడ్చుకుంటూ పోతున్నాం. ఊరి నడిబొడ్డున మెరక, పునాది, స్లాబు, రోడ్డు, కుళాయి అన్నీ ఉన్న అంతస్తులు పావురాలకి వదిలేసి ఇక్కడికొచ్చి చేలు పూడుస్తున్నాం. నన్నడిగితే ఇంతకు మించిన దుబారా లేదు.

తాడేపల్లిగూడెం దాకా వచ్చాం కాబట్టి ఇక్కడి పాత రన్‌వే కూడా చూసి పోదాం. రెండో ప్రపంచ యుద్ధం కోసం తెల్లవాళ్లు వేసిన విమానాల బాట ఇది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, బాట మిగిలింది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న ఆ విమానాశ్రయ భూముల్లో 2015లో నిట్‌కి శంకుస్థాపన చేశారు. క్యాంపసు తయారయ్యేదాకా తరగతులు పెదతాడేపల్లిలో అప్పటికే ఉన్న వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో నడిచాయి. ఉన్న గోడల మధ్య కొత్త పని మొదలుపెట్టడం మనకి తెలియని విద్యేం కాదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ఎన్నో కలెక్టరేట్లు ఉన్న భవనాల్లోకే దిగాయి. అవసరం తరుముకొస్తే చేస్తాం. తీరిక ఉన్నప్పుడే కొట్టేయాలని బుద్ధి పుడుతుంది. హైదరాబాద్‌లో పాత సచివాలయాన్ని 2020లో కూల్చారు, ఆ సముదాయంలో ఇరవై ఏళ్లు కూడా నిండని బ్లాకులున్నాయి. వాటిలో సగం నిలబెట్టినా వందల కుటుంబాలుండేవి అన్న ఆలోచన ఆనాడు ఎవరి ఎజెండాలోనూ లేకపోయింది.

తిరిగి తణుకొచ్చేసరికి మాస్టారు వరండాలో ఫోన్లో ఉన్నారు. అమెరికా నుంచి అబ్బాయి. స్పీకర్లో పెట్టారు. "నాన్నా, అదంతా కొట్టేసి డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తే పోలా? స్థలం రేటు చూశావా? ఆరు ఫ్లాట్లు లేపుతారు, మూడు మనకి." అబ్బాయి అడిగినదాంట్లో తప్పేం లేదు. ఊరి మధ్యన సెంటు ధర ముందు పాత స్లాబు ధర ఎవరూ కట్టరు. ఇలాంటి భవనాల్ని చాలాసార్లు కూలగొట్టించేది ఆ ఒక్క అంకే. అమ్మాయి ఫోను దగ్గరికి జరిగింది. "అన్నయ్యా, ఇది పక్క హద్దుల దాకా కట్టిన పాత కట్టడం. కొట్టేస్తే 2017 నిబంధనల ప్రకారం నాలుగు వైపులా వదలాలి, రోడ్డుకి వదలాలి, కింద కార్లకి స్టిల్టు. మీరనుకున్న ఆరు ఫ్లాట్లు రావాలంటే నాలుగంతస్తులెక్కాలి, లిఫ్టు పెట్టాలి, ఈ రేగడిలో పైల్స్ దింపాలి. రెండేళ్లు అద్దె రాదు." అవతల కాసేపు మాట లేదు. "మరి దీనికెంతవుతుంది?" మేస్త్రి అందుకున్నాడు: "కొత్తగా కట్టే ఖర్చులో సగానికి లోపే బాబూ. ఆరు నెలల్లో తాళాలిచ్చేస్తాను." ఇందులో లోపాలు లేవని ఎవరూ అనలేదు. కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు, పైకి లిఫ్టు లేదు. పైపోర్షన్లు నర్సులకో, కొత్తగా పెళ్లయిన టీచర్లకో, స్కూటరున్న వాళ్లకో సరిపోతాయి.

కాగితాలు ఇంకో పెద్ద మెట్టు. వాడకం మార్చుకోవడానికి మున్సిపాలిటీ అనుమతి, ఇంజనీరు ఇచ్చే దృఢత్వ ధ్రువపత్రం. కరెంటు మీటరు ఇన్నాళ్లూ వాణిజ్యపు కేటగిరీ 2లో ఉంది, ఈపీడీసీఎల్ దగ్గర దాన్ని కేటగిరీ 1కి మార్పించి నాలుగు మీటర్లు వేయించుకోవాలి. ఆస్తిపన్ను కూడా వ్యాపారపు రేటు నుంచి నివాసపు రేటుకి దిగాలి. ఒక్కొక్కటీ చిన్న పనే, కానీ అరవై డెబ్భై ఏళ్ల యజమాని ఒక్కో కౌంటరు దగ్గరా నిలబడాలంటే మధ్యలోనే విసిగి బిల్డరుకి ఫోన్ చేస్తాడు. మున్సిపాలిటీ ఈ నాలుగు కాగితాలూ ఒకే దరఖాస్తులో తీసుకుని, ఊళ్లో ఖాళీగా పడి ఉన్న ఆఫీసు అంతస్తులకి ఒక జాబితా రాసిపెట్టుకుంటే చాలు, ఏలూరు నుంచి తణుకు దాకా ఎన్ని ఇళ్లు బయటపడతాయో చూడొచ్చు. కొత్త కాలనీకి రోడ్డు వేయడానికీ, డ్రైనేజీ తవ్వడానికీ పెట్టే డబ్బులో పిసరంత కూడా దీనికి అక్కర్లేదు.

అబ్బాయి ఇంకా సరే అనలేదు. అమ్మాయి రాసిచ్చే రిపోర్టు చూసి చెబుతానన్నాడు. మేస్త్రి మాత్రం పెరట్లోకి దిగి గుణపంతో నేల గుచ్చి చూస్తున్నాడు. ఇక్కడ భూగర్భ డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు, పాతది రెండు మరుగుదొడ్లకి కట్టింది. నాలుగు కుటుంబాలకి కొత్తది తవ్వాలి. కాలువలు కట్టేసి ఉన్నప్పుడే ఆ పని అవ్వాలి. జూన్లో నీళ్లు వదిలారంటే నాలుగడుగుల లోతుకే ఊట వచ్చేస్తుంది, గొయ్యి నిలవదు.

"ఏది ఏమైనా ట్యాంకు పని ముందు మొదలెట్టేద్దామండి మాస్టారూ" అన్నాడు మేస్త్రి, గుణపానికి అంటిన రేగడి వేలితో తీసి నలుపుతూ. "అబ్బాయిగారు కొట్టేద్దామన్నా, ఉంచుదామన్నా అది ఎలాగూ కావాలి. సోమవారం నలుగురు మనుషుల్ని తెస్తాను."

మాస్టారు ఫోను జేబులో వేసుకుని పెరట్లోకి దిగారు. గొయ్యి వేపచెట్టు వేళ్లకి తగలకుండా ఎంత పక్కకి జరపాలో చూడటానికి ఇద్దరూ టేపు పట్టుకుని నిలబడ్డారు.